లెక్క ముందు, ఖర్చు తరువాత

9 వోల్టుల బ్యాటరీతో నడిచే 'సీమోయ్' హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌ను మీలో కొందరు తయారుచేసే ఉంటారు. దాన్ని మెరుగుపరచాలంటే చాలామంది మొదట ఖరీదైన ఐసీ కొంటారు. నిజానికి అది చివర చేయవలసిన పని. ఎందుకో చూద్దాం.

ఇందులో 10 కిలో ఓమ్‌లు, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు గెయిన్‌ను నిర్ణయిస్తాయి. 10ని 1తో భాగించి, 1 కలపండి. గెయిన్ 11. అంటే పాటతోపాటు ఇన్‌పుట్‌లోని రొద కూడా 11 రెట్లవుతుంది. చిన్న ఇయర్‌ఫోన్‌కు అంత అక్కరలేదు. రెండు చానళ్లలోనూ 10కి బదులు 4.7 కిలో ఓమ్‌లు వేస్తే గెయిన్ 5.7 అవుతుంది. ఖర్చు కొద్ది రూపాయలే.

తరువాత, బ్యాటరీ వోల్టేజిని రెండు సమభాగాలు చేసే చోట 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండుంటాయి. బలమైన మంద్రస్వరాలకు ఆ మధ్యబిందువు ఊగి, ధ్వని బొంగురుపోవచ్చు. 470 వేస్తే ఆ ఊగుడు దాదాపు సగమవుతుంది. ప్లస్, మైనస్ కాళ్లు తారుమారు కాకుండా చూసుకోండి.

ఇక ఐసీ. డేటాషీట్‌లో రెండు సంగతులు చూడండి: 9 వోల్టులకు పనిచేస్తుందా? 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు చాలినంత కరెంటు ఇస్తుందా? ఈ రెండూ లేకపోతే ఎంత ఖరీదైనదైనా వృథాయే.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. వాల్యూమ్ తగ్గించి, విని చూడండి. ఏ రూపాయి ఏ ఫలితమిచ్చిందో అప్పుడే తెలుస్తుంది.