వాడిన టీ పొడి మళ్లీ మరిగిస్తే ఎంత మిగులుతుంది? అమ్మతో వేసిన లెక్క

ఈ ఎపిసోడ్ చూసేటప్పుడు చేతిలో టీ కప్పు ఉంటే ఇంకా మంచిది. ఎందుకంటే ఇవాళ మాట్లాడేది టీ పొడి గురించే.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాక మొదటిసారి ఊరెళ్లా. పొద్దున అమ్మ నాన్నకీ నాకూ టీ ఇచ్చింది, సూపర్. తర్వాత చూస్తే, వడకట్టిన పిప్పిని ఒక గిన్నెలో దాచింది. మధ్యాహ్నం దాన్నే మళ్లీ మరిగించుకుని తాగుతోంది. "ఇదేంటమ్మా?" అంటే, "నాకు ఇది చాల్లేరా" అంది. నా జీతం ఆగిన నెల నుంచీ ఇదే అలవాటట.

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. కానీ బీటెక్ బుర్ర కదా, వెంటనే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశా.

ఒక కప్పుకి సుమారు 2 గ్రాముల పొడి. కిలో 500 రూపాయలనుకుంటే కప్పుకి 1 రూపాయి. అదే కప్పులో 100 మిల్లీలీటర్ల పాలు, లీటరు 60 అనుకుంటే 6 రూపాయలు. అంటే ఖర్చంతా పాలలో ఉంది, పొడిలో కాదు! రోజుకి 4 కప్పులు, నెలకి 120. పొడి ఖర్చు 120 రూపాయలు. అందులో సగం కప్పులు పాత పిప్పితో లాగించినా మిగిలేది 60. అంటే రోజుకి 2 రూపాయల కోసం అమ్మ నీళ్లలాంటి టీ తాగుతోంది.

సరే, అసలు మళ్లీ వాడొచ్చా? అది ఏ టీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మన ఇళ్లలో వాడేది ఎక్కువగా సీటీసీ. అంటే ఆకును నలిపి, చింపి, చుట్టి గుళికల్లా చేస్తారు. అందుకే రంగు, రుచి మొదటి మరుగులోనే చాలావరకు దిగిపోతాయి. రెండోసారి మిగిలేది పలచటి వగరే. అదే ఊలాంగ్, గ్రీన్ టీ లాంటి పూర్తి ఆకు అయితే మెల్లగా విచ్చుకుంటుంది. వెంటవెంటనే రెండు మూడుసార్లు వేడినీళ్లు పోసుకోవచ్చు. చైనాలో అలా తాగడం మామూలే. కానీ ఏదైనా సరే, తడి ఆకు రాత్రంతా బయట పెట్టి మర్నాడు వాడొద్దు. పాలు, పంచదార తగిలిన పిప్పి అయితే ఇంకా త్వరగా పాడవుతుంది. దాన్ని బాగా కడిగి మొక్కలకి వేసేయండి. కడక్కపోతే చీమలొస్తాయి.

మరి తక్కువలో మంచి పొడి ఎలా? డస్ట్ రకం త్వరగా రంగు దిగుతుంది, తక్కువ పొడికే ఎక్కువ కప్పులొస్తాయి. టీ బండ్ల వాళ్లు దాన్ని ఇష్టపడేది అందుకే. చిక్కదనం కావాలంటే అస్సాం, సువాసన కావాలంటే నీలగిరి. రెండు చిన్న ప్యాకెట్లు కొనండి, ఒకే కొలతతో పెట్టండి, పేరు చెప్పకుండా ఇంట్లోవాళ్లకి ఇవ్వండి. మేం ఆఫీసులో ఏ/బీ టెస్టింగ్ అనేవాళ్లం, ఇదీ అదే! నచ్చినదాన్ని పెద్ద ప్యాకెట్ తీసుకుని, గాలి తగలని డబ్బాలో, మసాలాలకి దూరంగా పెట్టండి.

విడిగా అమ్మే పొడి మరీ చవగ్గా దొరికితే కాస్త ఆగండి. వాడేసిన ఆకును ఎండబెట్టి రంగేసి అమ్మే మోసం ఒకటుంది. ఫిల్టర్ పేపర్ మీద పొడి పరిచి నీళ్లు చల్లి, పొడి తీసేసి, కాగితాన్ని కడిగి వెలుతురులో చూడండి. మరకలు కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఈ లెక్కంతా అమ్మకి చెప్పా. మొత్తం విని, "పొడి లెక్క చెప్పావు, బాగుంది. నీ జీతం లెక్క ఎప్పుడు చెప్తావు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. సాయంత్రం మాత్రం కొత్త పొడేసి నేనే టీ పెట్టా. మూడు కప్పులూ ఒకే రంగు.

మీ ఇంట్లో కూడా ఎవరి కప్పు పలచగా ఉందో ఒకసారి చూడండి ఫ్రెండ్స్. చూసి కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై!