ఫోను మన చేతిలోనే ఉండాలి

సౌదీలో సైట్ల మీద సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్న మా తరఫున నాలుగు మాటలు చెప్పుకుంటాం.

పోయిన ఎండాకాలం మా సైట్‌లో షట్టరింగ్ చేసే ఒక తమ్ముడికి జ్వరం పట్టుకుంది. డాక్టరు మూడు రోజులు సిక్ లీవ్ ఇచ్చాడు. ఇక్కడ లీవ్ అంటే ఇప్పుడు ఉత్త కాగితం కాదు, ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది. ఆరోగ్య శాఖ వారి సెహతీ యాప్‌లో మనకు కనిపిస్తుంది. ఆ లీవ్ కోడ్, మన ఇఖామా నంబరు కొట్టి కంపెనీవాళ్ళు సరిచూసుకుంటారు.

ఆ తమ్ముడు కొత్తగా వచ్చినప్పుడు రూములో ఒకాయన సాయం చేసి అబ్షర్ ఖాతా తెరిచి పెట్టాడు. మంచి మనసుతోనే చేశాడు, కానీ తన సొంత ఫోన్ నంబరు ఇచ్చాడు. తర్వాత ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి పోయాడు. సిమ్ బంద్. ఓటీపీ ఎవరికి వస్తుంది? యాప్ తెరుచుకోలేదు, కోడ్ చేతికి రాలేదు. పని ఎగ్గొట్టాడనుకుని టైమ్‌షీట్‌లో ఆబ్సెంట్ కొట్టింది మేమే. ఏమైందని ఒక్క మాట కూడా అడగలేదు. మూడు రోజుల జీతం కట్ అయింది. ఇంటికి తక్కువ పంపి, అమ్మకు ఏం చెప్పాలో తెలియక రెండు వారాలు ఫోనే చేయలేదట. అది విన్నాక మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

శుక్రవారం అతన్ని మాల్‌లో ఉన్న అబ్షర్ మెషీన్ దగ్గరికి తీసుకుపోయాం. వేలిముద్ర వేసి తన నంబరు ఎక్కించుకున్నాడు. సెహతీ తెరిస్తే లీవ్ అందులోనే ఉంది! ఆఫీసులో చూపించాం, తర్వాతి నెల జీతంలో పైసలు తిరిగి వచ్చాయి.

సౌదీ కార్మిక చట్టం 117వ ఆర్టికల్ ప్రకారం ఏడాదిలో మొదటి 30 రోజుల సిక్ లీవ్‌కు పూర్తి జీతం, తర్వాత 60 రోజులకు నాలుగింట మూడు వంతుల జీతం, ఆ పైన 30 రోజులు జీతం లేని సెలవు. ఇది మన హక్కు. కానీ చూపించడానికి చేతిలో రుజువు ఉండాలి కదా.

అందుకే చెబుతున్నాం. సిమ్ మన ఇఖామా మీదే తీసుకుందాం. అబ్షర్‌లో ఆ నంబరే ఉండాలి. నంబరు మారిస్తే అక్కడ కూడా వెంటనే మార్చుకోవాలి. చదువు రాకపోతే సాయం అడగడం నామోషీ కాదు. సాయం చేసేవాళ్ళు పక్కన కూర్చుని చూపించాలి, నొక్కేది మాత్రం మన వేలే కావాలి. పాస్‌వర్డ్ ఎవరి డైరీలోనూ రాయించవద్దు.

ఇంకొక ముఖ్యమైన మాట. సెహతీలోకి నఫాత్ ద్వారా పోతాం. అందులో రెండంకెల నంబరు ఒప్పుకోమని అడుగుతుంది. మనం ఏదీ తెరవకుండానే అది వస్తే ఒప్పుకోవద్దు. "ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, ఆ నంబరు నొక్కండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. అది ఒప్పుకున్నామంటే మన ఇంటి తాళం దొంగ చేతికి ఇచ్చినట్టే.

ఆరోగ్యం సంగతి ఏదైనా అడగాలంటే ఆరోగ్య శాఖ నంబరు 937 ఉంది. యాప్‌లో కనిపించే రక్త పరీక్షలు, మందుల చీటీలు ఊరికి పోయే ముందే ఫోన్‌లో దాచుకోండి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు అక్కడి డాక్టరుకు చూపిస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకునే పని తప్పుతుంది.

ఇక మా సూపర్‌వైజర్ల వంతు. ఆబ్సెంట్ కొట్టే ముందు "ఏమైంది తమ్మీ?" అని అడుగుతాం. కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని ఖాతా తెరిపిస్తాం. ఫోను మాత్రం మీ చేతిలోనే ఉంటుంది.

సెలవు.