లెన్స్ పెట్టుకొనే నిద్రపోతున్నారా? ఈ ఎపిసోడ్ మీ కోసమే

ఈ వీడియో ఆదోనిలో మా షాపు వెనక గదిలో కూర్చొని చేస్తున్నా. బయట ఆటోల మోత వినిపిస్తుంది, కొంచెం సర్దుకోండి. నేను కంటి చూపు పరీక్ష చేసి కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు ఇచ్చే పని చేస్తా. వారంలో నాలుగు రోజులు ఆదోనిలో, రెండు రోజులు ఎమ్మిగనూరులో ఉంటా. ఈరోజు ఒక అబ్బాయి కన్ను గురించి చెప్తా. ఎవరని మాత్రం అడగొద్దు. తన కథ చెప్పుకోమని తనే అన్నాడు, పేరు వద్దన్నాడు.

డిగ్రీ ఫైనలియర్ పిల్లోడు. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డులో లెక్కలు రాసే పనికి పోయేవాడు. ఒకరోజు పొద్దున్నే వచ్చాడు, కుడి కన్ను తెరవలేకపోతున్నాడు. వెలుతురు చూస్తే నీళ్లు కారుతున్నాయి.

"ఎన్ని రోజులైందప్పా?" అన్నా.

"నాలుగు రోజులైంది సార్."

"లెన్స్ తీసేశావా?"

"నిన్న రాత్రి దాకా పెట్టుకున్నా సార్. ఈరోజే తీసినా."

"మందు ఏమన్నా వేశావా?"

జేబులోంచి చిన్న సీసా తీశాడు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు. లేబుల్ చూస్తే అందులో స్టెరాయిడ్ ఉంది. టార్చ్ వేసి చూశా. నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్ల మచ్చ. నాకు చేతులు చల్లబడ్డాయి. అది నేను చూసే జబ్బు కాదు. అప్పటికప్పుడు బస్సెక్కించి కర్నూలులోని పెద్ద కంటి ఆసుపత్రికి పంపించా. ఫంగస్ పుండు అని తేల్చారు. రెండు నెలలు మందులు వేశాడు, గంట గంటకీ, రాత్రిళ్లు కూడా లేచి. పుండు మానింది. కానీ మన పెద్దోళ్లు అంటారే, కంట్లో పువ్వు పడిందని, అది మిగిలిపోయింది. ఇప్పుడు ఆ కంటితో ఎదురుగా ఉన్న మనిషి ముఖం కూడా మసగ్గానే కనిపిస్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ లెన్స్ ఇచ్చింది నేనే. ఇచ్చిన రోజు ఏం చెప్పానా అని గుర్తు తెచ్చుకున్నా. పెట్టుకోవడం, తీయడం నేర్పించా. "రాత్రి తీసేయ్, సొల్యూషన్‌లో వెయ్" అన్నా. ఆరోజు షాపులో జనం ఎక్కువ. అంతటితో పంపించేశా. నీళ్ల సంగతి చెప్పలేదు. దుమ్ము సంగతి చెప్పలేదు. కన్ను ఎర్రబడితే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆ మిగతా మాటలే ఈరోజు చెప్తున్నా. ఆలస్యంగానే అనుకోండి.

ముందు లెన్స్ కింద ఏముందో చూద్దాం. కంటి ముందు గాజులాగా ఉండే పొర కార్నియా. మందం అర మిల్లీమీటరు దగ్గర దగ్గర. దానికి రక్తనాళాలు ఉండవు, అందుకే అద్దంలా ఉంటుంది. మరి దానికి ప్రాణవాయువు ఎక్కడ్నుంచి వస్తుంది? ఎక్కువగా బయట గాలి నుంచి, కన్నీటిలో కలిసి. లెన్స్ పెట్టామంటే ఆ గాలికి ఒక తెర కట్టినట్టే. మెలకువగా ఉన్నప్పుడు రెప్ప కొట్టినప్పుడల్లా కన్నీరు కదులుతుంది, పర్వాలేదు. నిద్రపోతే రెప్ప మూసుకుంటుంది, కింద లెన్స్ ఉంటుంది, లోపల కార్నియా ఊపిరాడక నీరసపడుతుంది. క్రిములకి అదే అదను. లెన్స్‌తో నిద్రపోతే ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2018లో చెప్పింది. మధ్యాహ్నం కునుకైనా, బస్సులో కునుకైనా నిద్ర నిద్రే.

ఇప్పుడు ఆ పిల్లోడు ఏం చేశాడో వినండి. సీజన్‌లో ఆదోని యార్డుకి ఎప్పుడన్నా పోయారా? గాలిలో పత్తి నూగు తేలుతూ ఉంటుంది. కనురెప్పల మీద తెల్లగా పేరుకుంటుంది. కంట్లో నూగు పడింది, నలిపాడు. లెన్స్ తీశాడు. అక్కడ డ్రమ్ములో నీళ్లుంటే వాటితో కడిగి మళ్లీ పెట్టుకున్నాడు. ఇంటికి పోయి అలసిపోయి అట్లానే పడుకున్నాడు. నలిపినప్పుడు కార్నియా మీద గీత పడి ఉంటుంది. డ్రమ్ము నీళ్లలో ఏముందో ఎవరికి తెలుసు? మన లాంటి ఎండ, దుమ్ము, పొలం పనులు ఉన్న ఊళ్లలో ఫంగస్ కంటి పుండ్లు ఎక్కువ. చొప్ప గీసుకున్నా, కంది పుల్ల తగిలినా వస్తాయి. లెన్స్ పెట్టుకున్నోళ్లకి ఇంకో దారి కూడా తెరుచుకున్నట్టు.

నీళ్ల గురించి గట్టిగా చెప్తా. లెన్స్‌కి నీళ్లు తగలకూడదు. కుళాయి నీళ్లు వద్దు, బోరు నీళ్లు వద్దు, ఫిల్టర్ క్యాను నీళ్లు కూడా వద్దు. "సార్, అవి తాగే నీళ్లే కదా" అంటారు. తాగితే కడుపులో యాసిడ్ ఉంది, చూసుకుంటుంది. కంట్లో అది లేదు. నీళ్లలో అకాంతమీబా అని ఒక చిన్న ప్రాణి ఉంటుంది. గట్టి పెంకు కట్టుకొని కూర్చుంటుంది, క్లోరిన్‌కి కూడా సులువుగా చావదు. అది కార్నియాలోకి దిగితే నొప్పి భయంకరం, వైద్యం నెలల తరబడి. కాబట్టి స్నానానికి ముందు లెన్స్ తీసేయండి. తుంగభద్ర కాలువలో ఈతకి దిగే ముందు తీసేయండి. ఉమ్మితో తడిపి పెట్టుకోవడం అసలే వద్దు. అది కూడా చూశా నేను.

లెన్స్ డబ్బా సంగతి. రోజూ పొద్దున్నే పాత సొల్యూషన్ మొత్తం పారబోయండి. చాలామంది పాత దాని మీదే రెండు చుక్కలు కలుపుతారు, సీసా ఇంకో వారం వస్తుందని. 2006లో అమెరికాలో ఒక రకం సొల్యూషన్ వాడినోళ్లలో ఫ్యుజేరియం అనే ఫంగస్ పుండ్లు గుంపుగా వచ్చాయి. 164 కేసులు నిర్ధారణ అయ్యాయి. ఆ సొల్యూషన్‌ని ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. అప్పుడు విచారిస్తే, పాత సొల్యూషన్ పారబోయకుండా దాని మీదే పోసుకున్నోళ్లకి ప్రమాదం ఎక్కువని కూడా బయటపడింది. డబ్బాని కొత్త సొల్యూషన్‌తో కడిగి, మూతలు తీసి, బోర్లించి ఆరబెట్టండి. మూడు నెలలకి డబ్బా మార్చండి. లెన్స్‌ని అరచేతిలో పెట్టి సొల్యూషన్ వేసి వేలితో మెల్లగా రుద్దండి, ఆ తర్వాతే నానబెట్టండి. ముందు చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోండి. తడి చేయి అంటే మళ్లీ నీళ్లే.

పెళ్లిళ్ల సీజన్ వస్తోంది కాబట్టి రంగు లెన్సుల మాట కూడా. ఆన్‌లైన్‌లో తెప్పించి, అక్కా చెల్లీ ఒకే జత పంచుకుంటున్నారు. పవర్ లేకపోయినా అది లెన్సే. మీ కంటి వంపు కొలవకుండా కొన్న లెన్స్, మీ కాలు కొలవకుండా కొన్న చెప్పు లాంటిది. చెప్పు కరిస్తే బొబ్బ వస్తుంది, లెన్స్ కరిస్తే కార్నియా గీసుకుంటుంది. ఒకరి లెన్స్ ఇంకొకరు పెట్టుకోవద్దు. నటి జాస్మిన్ భాసిన్ 2024 జూలైలో ఢిల్లీలో ఒక కార్యక్రమానికి లెన్సులు పెట్టుకున్న తర్వాత కార్నియా దెబ్బతిని ఇబ్బంది పడింది. మేకప్ వేసేవాళ్లు ఉన్నోళ్లకే అట్లా అయితే, మన గతేంటి? మేకప్‌కి ముందే లెన్స్ పెట్టుకోండి, మేకప్ తుడవక ముందే తీసేయండి. కాటుక రెప్ప లోపలి అంచుకి పూయొద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కన్ను ఎర్రబడిందా, నొప్పి ఉందా, వెలుతురు చూడలేకపోతున్నారా, చూపు మసగ్గా ఉందా? ఇందులో ఒక్కటి ఉన్నా సరే, వెంటనే లెన్స్ తీసేయండి. తీసినాక కూడా తగ్గలేదంటే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి పోండి. రేపు చూద్దాం అనొద్దు, కొన్ని బ్యాక్టీరియాలు ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాని కరిగించేస్తాయి. ఆ లెన్స్, డబ్బా పారేయొద్దు, పోయేటప్పుడు తీసుకుపోండి. ఏ క్రిమి పట్టిందో పరీక్షకి అవి పనికొస్తాయి. షాపులో చుక్కలు అడిగి వేసుకోవద్దు. స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూ ఉంటుంది. మా పిల్లోడికి పోయిన నాలుగు రోజులు అట్లానే పోయాయి.

ఆదోని నుంచి కర్నూలు దగ్గరేం కాదు, నాకు తెలుసు. ఒక రోజు కూలి పోతుంది, కాలేజీ పోతుంది. అయినా పోండి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. చార్జీలకి భయపడి ఆగొద్దు.

భయపెట్టడానికి చెప్పలేదు ఇదంతా. నేనూ లెన్స్ పెట్టుకుంటా, బాగుంటుంది. కానీ దుమ్ము పనికి పోయే రోజు, బండి మీద ఎమ్మిగనూరు పోయే రోజు కళ్లద్దాలే పెట్టుకుంటా. లెన్స్ ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా సరైన పవర్ కళ్లద్దాలు కూడా ఉండాలి. అవి లేకపోతే కన్ను ఎర్రబడినా లెన్స్ తీయబుద్ధి కాదు.

ఇప్పుడు మా షాపులో లెన్స్ ఇచ్చే ముందు ఈ మాటలన్నీ కస్టమర్ చేత నాకు తిరిగి చెప్పించుకుంటున్నా. పావు గంట పడుతుంది. వెనకున్నోళ్లు విసుక్కుంటారు, పర్వాలేదు. మీకు లెన్స్ ఇచ్చేవాళ్లు అంత చెప్పకపోతే మీరే అడగండి. ఎన్ని గంటలు పెట్టుకోవాలి, ఎన్నాళ్లకి మార్చాలి, ఎర్రబడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఈ మూడింటికీ జవాబు రాకుండా డబ్బులు ఇవ్వొద్దు.

మీ ఇంట్లో, హాస్టల్లో లెన్స్ పెట్టుకునేవాళ్లు ఎవరన్నా ఉంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. ఈరోజు రాత్రి పడుకునే ముందు ఒక్కసారి అడగండి, "లెన్స్ తీశావా?" అని. ఉంటా మరి. నమస్తే.