‘పర్లేదు’ అనకండి: మెటర్నిటీ వార్డులో ఆరు రాత్రులు

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడినదాన్ని చదువుకోవడానికి వీలుగా కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నాం. వినే తీరిక లేనివాళ్ళ కోసం, ముఖ్యంగా నిద్రపోయే పాపాయిని ఒళ్ళో పెట్టుకుని ఫోన్ చూసేవాళ్ళ కోసం.)

ఈ మధ్య మీరు రాసిన మెయిళ్ళలో ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇది: “అక్కా, వచ్చే నెల డెలివరీ. ఇక్కడ హాస్పిటల్లో ఎన్ని రోజులుంచుతారు? మా ఆయన రాత్రి నాతో ఉండొచ్చా? ఏం పట్టుకెళ్ళాలి?” మొదటి కాన్పు, అమ్మ దగ్గర లేదు, వీసా ఇంకా రాలేదు. ఇంగ్లండ్‌లో ఎన్.హెచ్.ఎస్. వార్డులో నేను ఆరు రాత్రులున్నాను. అక్కడ చూసినదీ తర్వాత తెలుసుకున్నదీ ఇవాళ చెప్తాను.

ముందు ఒక తేడా. మన ఊళ్ళో కాన్పంటే పుట్టింటి వ్యవహారం. నర్సింగ్ హోమ్‌లో ఒక గది తీసుకుంటారు, కింద చాప మీద అమ్మమ్మ, కుర్చీలో అమ్మ, బయట వరండాలో నాన్న. ఇక్కడ వార్డులో నాలుగైదు మంచాలు, మధ్యలో గుడ్డ తెరలు. లేబర్ వార్డులో భర్త పక్కనే ఉండొచ్చు. కానీ దానికి ముందుండే యాంటీనేటల్ వార్డులోనూ, తర్వాతి పోస్ట్‌నేటల్ వార్డులోనూ చాలాచోట్ల రాత్రి ఆయన్ని ఇంటికి పంపించేస్తారు. కొన్ని హాస్పిటళ్ళు ఉండనిస్తాయి. కాబట్టి ముందే అడగండి. రాత్రి ఎనిమిదింటికి చంటిపిల్లతో ఒంటరిగా మిగులుతామని అప్పటికప్పుడు తెలిస్తే గుండె జారిపోతుంది.

నాకు ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చింది. మన దక్షిణాసియా వాళ్ళకి ఆ ముప్పు ఎక్కువని ఇక్కడ అందరికీ గ్లూకోజ్ పరీక్ష చేయించుకోమంటారు. షుగర్ ఉంటే సాధారణంగా నలభై వారాలు దాటి ఎక్కువ రోజులు ఆగనివ్వరు, నొప్పులు తెప్పిస్తారు. దాన్నే ఇండక్షన్ అంటారు. ఇండక్షన్ అనగానే సాయంత్రానికి బిడ్డ చేతికొస్తుందని మనవాళ్ళు అనుకుంటారు. అలా జరగదు. లోపల పెట్టే మందు పని చెయ్యడానికే ఇరవై నాలుగ్గంటలు పట్టొచ్చు. ఆ తర్వాత లేబర్ వార్డులో మంచం ఖాళీ అవ్వాలి. మనకంటే వెనక వచ్చినా, ప్రమాదంలో ఉన్నవాళ్ళే ముందు వెళ్తారు. నేను రెండు రాత్రులు అలా ఎదురుచూశాను. పొడుగు చార్జర్ వైరు, చెవుల్లో పెట్టుకునేవి, ముతక దుప్పటి, మరచెంబులో వేడినీళ్ళు, ఇవి ఉంటే సగం ఊరట.

మూడో రోజు సాయంత్రం పాప పుట్టింది. మామూలు కాన్పైతే ఇక్కడ డాక్టరు కాదు, మిడ్‌వైఫే చేస్తుంది. అయిపోగానే టీ, బ్రెడ్ టోస్ట్ ఇచ్చారు. పథ్యం గురించి వీడియో కాల్‌లో అమ్మ అడుగుతూ ఉంటే నేను టోస్ట్ తింటున్నాను. వెజిటేరియన్ భోజనం అడిగితే ఇస్తారు. వెల్లుల్లి కారం అన్నం కావాలంటే మాత్రం ఇంటినుంచి వేడిగా ఫ్లాస్కులో తెప్పించుకోండి, వార్డులో చాలాచోట్ల వేడి చేసి పెట్టరు. ముర్రుపాలు పిండి పారబొయ్యమనే రోజులు మన దగ్గరా పోయాయి. ఇక్కడ షుగర్ ఉన్న తల్లులకి కాన్పుకు ముందే, ఆఖరి వారాల్లో, సిరంజిలో పిండి దాచుకోవడం నేర్పిస్తారు. పుట్టాక బిడ్డ షుగర్ పడిపోకుండా అవే మొదటి మందు.

ఇక అసలు చెప్పాలనుకున్నది.

రెండో రాత్రి, అంటే పాప పుట్టి ముప్పై గంటలైంది. పాలకి లేవట్లేదు. అరికాళ్ళు గిల్లినా కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తోంది. బెల్ నొక్కాను. వచ్చినావిడ మంచిదే, కానీ ఆ రాత్రి ఎంతమందిని చూసుకుంటోందో ఆవిడ కాళ్ళ వేగమే చెప్తోంది. “కొత్త పిల్లలు నిద్రపోతారు, రంగు బాగానే ఉంది” అని వెళ్ళిపోయింది. వార్డు దీపాలు మసకగా ఉన్నాయి, పాపది నా చాయ. ఫోన్ లైటు గోడ మీద పడేలా పెట్టి, ఆ వెలుతురులో కంట్లో తెల్లగుడ్డు చూశాను. పసుపు. అమ్మకి చూపిస్తే, “పొద్దున్నే లేత ఎండలో పెట్టు తల్లీ, పోతుంది” అంది. తెల్లారడానికి ఇంకా నాలుగ్గంటలుంది.

మళ్ళీ బెల్ నొక్కాను. మళ్ళీ అదే మాట. మూడోసారి ఒకటే చెప్పాను: “కళ్ళు పసుపుగా ఉన్నాయి. నాలుగ్గంటలుగా పాలు తాగలేదు. కామెర్లు యంత్రంతో కొలవండి. కొలవనంటే, ఎందుకో నోట్స్‌లో రాయండి.” ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసి, యంత్రం తెచ్చి పాప గుండె మీద పెట్టింది. అంకె చూసి మాట్లాడకుండా వెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చింది. మడమ నుంచి రక్తం తీశారు. గీత పైన ఉంది. తెల్లారేసరికి పాప కళ్ళకి గంతలు కట్టి నీలిదీపం కింద ఉంది.

పాపకేమీ కాలేదు. రోజంతా దీపం, దీపం తీశాక మళ్ళీ పెరగలేదని చూసుకోవడానికి ఇంకో పరీక్ష. కానీ బిలిరుబిన్ మరీ ఎక్కువైతే మెదడుకి దెబ్బ. అది మాటల్లో పోయే విషయం కాదు. చామనచాయ పిల్లల్లో పసుపు ఒంటిమీద త్వరగా కనపడదు. బట్టలు విప్పి, మంచి వెలుతురులో, కళ్ళు, చిగుళ్ళు చూడాలి. అనుమానముంటే కంటిని నమ్మకుండా కొలవాలి. ఇది నా సొంత వైద్యం కాదు, ఇక్కడి ఎన్.ఐ.సి.ఇ. మార్గదర్శకాల్లోనే ఉంది. ఎండని చికిత్సగా వాడొద్దనీ అందులోనే ఉంది. పుట్టిన ఇరవై నాలుగ్గంటల లోపే పసుపు కనిపిస్తే అది అత్యవసరం.

మన ఆడపిల్లలతో ఒక ఇబ్బంది ఉంది. ఎదుటి మంచంలో ఒక తెలుగమ్మాయి. “నొప్పి పదికి ఎంత?” అని అడిగితే, పెదవి కొరుక్కుంటూనే “ఓకే, ఓకే” అంటుంది. మనం పర్లేదు అన్నది మర్యాద కోసం. వాళ్ళు రాసుకునేది నొప్పి లేదని. అంతటితో ఆగదు. ఆ కాగితం చూసే తర్వాతి షిఫ్టువాళ్ళు నిర్ణయాలు తీసుకుంటారు.

అందుకే మూడు ముక్కల్లో చెప్పండి: ఏం చూస్తున్నారు, ఎప్పట్నించి, ఏం కావాలి. వినకపోతే షిఫ్టుకి పెద్దగా ఉన్న మిడ్‌వైఫ్‌ని పిలవమనండి. ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని అడగండి, డబ్బు కట్టక్కర్లేదు, ఫోన్‌లో తెలుగువాళ్ళు దొరుకుతారు. భర్త ముందు చెప్పలేని మాటలు కూడా కొన్ని ఉంటాయి కదా.

ఇంటికొచ్చాక తల్లి గురించి. గంటకో ప్యాడ్ తడిసిపోయే రక్తస్రావం, జ్వరం, ఒక కాలి పిక్కలోనే నొప్పీ వాపూ, ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్ళు మసకబారుతూ తలనొప్పి, వీటిలో ఏదొచ్చినా “బాలింతకి మామూలే” అనకండి. మెటర్నిటీ ట్రయాజ్ నంబరుకి ఫోన్ చెయ్యండి, ఊపిరాడకపోతే 999. మొదటి వారం ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మిడ్‌వైఫ్‌కో, హెల్త్ విజిటర్‌కో, జీపీకో చెప్పండి. అది బలహీనత కాదు, జబ్బు, మందుంది.

చివరగా అందరూ అడిగేది, పేరు. వార్డులో పాప కాలిపట్టీ మీద నా ఇంటిపేరు మాత్రమే ఉండేది. పేరు పెట్టకుండా పంపించరేమో అని కంగారు పడకండి. ఇంగ్లండ్‌లో జననం నమోదుకి 42 రోజుల గడువు, కాబట్టి ఇరవై ఒకటో రోజు బారసాల హాయిగా చేసుకుని వెళ్ళొచ్చు. స్కాట్లండ్‌లో గడువే 21 రోజులు. అక్కడుండేవాళ్ళు పదకొండో రోజునే పేరు తేల్చుకోవడం మంచిది, పంతులుగారికి ముందే చెప్పండి.

మీ వార్డు అనుభవాలు రాయండి, గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి కూడా. అక్కడి పద్ధతులు వేరు, వాటిని మీ నోటే వినాలి. వచ్చేసారి బాలింత పథ్యం మీద మాట్లాడుకుందాం, ఏది ఉంచుకోవాలి, ఏది వదిలెయ్యాలి అని. అప్పటిదాకా, ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే నిజం చెప్పండి. ఉంటాను మరి.