జేబులో నుండదగిన చాకు

నేటి ప్రసంగవిషయము అరచేతిలో ఇమిడిపోవునంత చిన్న వస్తువు. ప్రతిదినము వెంట నుంచుకొనుటకు ఎట్టి చాకు తగినది? మీట నొక్కగనే తనంతట విచ్చుకొను స్ప్రింగు చాకా? పిడిలోనికి ముడుచుకొను మడత చాకా? మడత లేక ఒరలో నుండు కత్తియా? కొనునప్పుడు మనము సాధారణముగా అలుగు మెరుపును, పిడి సొగసును, వెలను చూతుము. అంతకుముందు చూడవలసినది మరియొకటి కలదు. దానితో మనము చేయబోవు పని యేమి? పని తెలిసినచో ఏ చాకు కావలెనో తెలియును.

మన నగరము నడుమనుండియే ఉదాహరణ తీసికొందము. ఆబిడ్సులోని పెద్ద తపాలాకచేరి మొదలు మొజంజాహి మార్కెటు మీదుగా నాంపల్లి రైలుస్టేషనువరకు గల దారి, తీరికగా నడచినను, అరగంటకు మించదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిదు పెట్టిన దుకాణమువలన ఆబిడ్సుకు ఆ పేరు వచ్చినది. సీమసరుకులకు నాడు పేరుపడిన ఆ వీథిలో నేటికిని కొనుగోలుదారుల రాకపోకలు తగ్గలేదు. ఈ దారిని పోవు గృహస్థునకు చాకుతో పడు పనులు ఏవి? పార్సెలునకు చుట్టిన పురికొస కోయుట. ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటపై కొన్న పాతపుస్తకముల కట్టు విప్పుట. క్రొత్త చొక్కాకు వ్రేలాడు దారము త్రుంచుట. పిల్లవాని పెన్సిలు చెక్కుట. నాంపల్లిలో రైలెక్కిన పిమ్మట జామపండు కోసి నలుగురికి పంచుట. వీనిలో ఏ పనికైనను మూడంగుళముల అలుగు చాలును. ఏ పనికిని రెప్పపాటులో తెరచుకొను వేగము అవసరము లేదు. ఈ రెండు మాటలు జ్ఞాపకముంచుకొని మూడు రకములను పరీక్షింతము.

మొదటిది మడతలేని కత్తి. మూడింటిలో ఇది పురాతనము, మూడింటిలో ఇదియే గట్టిది. అలుగును, పిడిలోనికి దిగిన దాని మొదలును ఒకే ఉక్కుముక్క. కీలు లేదు గనుక కీలు సడలుట లేదు. చెమ్మయు మురికియు దాగుటకు సందులు తక్కువ. కడిగి తుడిచినచో శుభ్రము. బలముగా నొక్కి కోయవలసిన చోట దీనిని మించినది లేదు. అందుచేతనే వంటయింటి కత్తియు, మాంసపు దుకాణములోని కత్తియు, తాటిచెట్టు నెక్కు గీతకార్మికుని కత్తియు మడతలేనివై యున్నవి. చెట్టుతలపై నిలిచి పనిచేయువానికి కీలు సడలిన కత్తి ప్రాణాపాయము కదా!

హైదరాబాదుకు ఇట్టి కత్తితో మరియొక పరిచయమును కలదు. నిజాముల కొలువులో సైనికులుగా పనిచేయుటకు హద్రమౌతు సీమనుండి వచ్చిన అరబ్బులు వంపుగల జంబియాను నడుమున ధరించెడివారు. వారుండిన సైనికనివాసములనుబట్టియే బార్కాసు పేటకు ఆ పేరు కలిగినది. జంబియా పనిముట్టు మాత్రమే కాదు, మర్యాదకును హోదాకును చిహ్నము. నలుగురికి కనబడుట దాని లక్షణము. నేటి వీథిలో ఆ లక్షణమే లోపమగును. ఒరలేక మడతలేని కత్తిని జేబులో నుంచరాదు. ఒరతో నడుమున కట్టుకొన్నచో ఎదుటివాడు జంకును. సంచిలో దాచినచో దాచుటకు కారణమేమని అడుగువారుందురు. కాబట్టి ఈ కత్తికి తగిన చోటు వంటయిల్లు, పొలము, పనివాని కొట్టము. వీథికి ఇది తగదు.

రెండవది మడత చాకు. దీనిని సీమనుండి వచ్చిన వస్తువని తలచువారు కలరు. దక్షిణదేశమున తాటాకులపై వ్రాయు కాలములో గంటమును, ఆకు కత్తిరించు చిన్న కత్తియు ఒకే పిడిలోనికి ముడుచుకొను సాధనములు వాడుకలో నుండెను. వ్రాతపనికి వలయు రెండు పరికరములను ఒక్క పిడిలో వెంట గొనిపోవు ఆలోచన మన లేఖకులకును తోచినదన్నమాట. ఐరోపాలో ఇదే ఆలోచన సైన్యమునకు పనికివచ్చినది. స్విట్జర్లాండులోని ఇబాకు గ్రామమున 1884లో పనిశాల పెట్టిన కార్ల్ ఎల్సెనరు, 1891లో తన దేశపు సైనికులకు మడత చాకులు సమకూర్చెను. ఆహారపు డబ్బాలు తెరచుటకు ఒక పరికరము, తుపాకి మరలు విప్పుటకు ఒక పరికరము అందు చేర్చబడినవి. అది పోరుకొరకు గాక నిత్యపు పనులకొరకు పుట్టిన చాకు. నేడు విక్టోరినాక్సు పేరుతో లోకమంతట అమ్మబడుచున్నది ఆ పనిశాల సరుకే.

మడత చాకునకు బలహీనత దాని కీలు. వెనుకనున్న పట్టీస్ప్రింగు ఒత్తిడితో మాత్రమే అలుగు నిలుచు చాకు, మొన మీద బలము పడినచో వ్రేళ్ళమీదికి ముడుచుకొనవచ్చును. దీనికి విరుగుడు తాళము. అలుగు పూర్తిగా తెరచుకొన్న పిమ్మట లోపలి పలకయో, కొక్కెమో దానిని బిగించి పట్టును. మనము విడిపించినగాని ముడుచుకొనదు. ఫ్రాన్సులోని సవాయి సీమలో 1890లో పుట్టిన ఓపినెలు చాకునకు 1955లో ఒక ఉంగరము చేర్చిరి. ఉంగరమును త్రిప్పినంతనే అలుగు కదలకుండ నిలుచును. ఇంత సులభమైన తాళము అరుదు. అయినను తాళమున్నదని మడత చాకుతో డబ్బా మూతలు పెకలించుట, మేకులు ఊడబెరుకుట తగదు. చాకు కోయుటకే పుట్టినది.

మూడవది స్ప్రింగు చాకు. బటను చాకనియు అందురు. ఇందు అలుగు స్ప్రింగు బిగింపునకు లోబడి, ఒక చిన్న మేకు అడ్డుపడగా పిడిలో నిలిచియుండును. మీట నొక్కగనే మేకు తొలగును; అలుగు ప్రక్కకు విచ్చుకొనును, కొన్నింటిలో ముందునకు దూసుకొనివచ్చును. ఒక్కచేతితో తెరువగలుగుట దీని గుణము. ఆ గుణము నిజముగా అవసరమైనవారును కలరు. అమెరికాలో ఇట్టి చాకుల అంతర్రాష్ట్ర వ్యాపారమును నిషేధించుచు 1958లో చేసిన చట్టము, ఒక్కచేయి మాత్రమే గలవాడు మూడంగుళములకు మించని అలుగుగల స్ప్రింగు చాకును వెంట నుంచుకొనుటకు వెసులుబాటు కల్పించెను. అయితే నేడు బొటనవ్రేలితో త్రోసి తెరువదగిన మామూలు మడత చాకులు విరివిగా నున్నవి గనుక, స్ప్రింగునకు ఆ ప్రత్యేకతయు చాలవరకు పోయినది.

ఇక దోషములు వినుడు. జేబులోని నూలుపోగులును దుమ్మును లోపల చేరినచో అలుగు సగములో ఆగిపోవును. జేబులో మీట ఒత్తుకొనినచో తొడకో చేతికో గాయము. ఇంట పిల్లలున్నచో మీట నొక్కి చూడవలెనను కుతూహలమును ఆపుట ఎవరి తరము? వీనికంటె పెద్దది లోకదృష్టి. మన దేశమున రాంపూరు చాకు హిందీ చలనచిత్రములవలన దుండగుని చేతిలోని గుర్తుగా ప్రసిద్ధికెక్కినది; దానిని చేయు పనివారి నేర్పు ఆ అపఖ్యాతి చాటున మరుగుపడినది. బ్రిటనులో 1959లోనే స్ప్రింగు చాకుల తయారీని, అమ్మకమును నిషేధించిరి. ఢిల్లీలో 1980నాటి ప్రకటనద్వారా నిర్ణీత కొలతలకు మించిన బటను చాకులపై ఆంక్షలు విధించిరి.

చట్టము మాట వచ్చినది గనుక మన సంగతియు తెలిసికొనవలెను. 1959నాటి ఆయుధచట్టము క్రింద చేసిన నియమావళిలో, తొమ్మిది అంగుళములకు మించిన పొడవుగాని, రెండంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగుతో నుండు కత్తులు ఆయుధముల పట్టికలో చేరినవి. గృహకృత్యములకు, వ్యవసాయమునకు, శాస్త్రీయ పారిశ్రామికావసరములకు మాత్రమే ఉద్దేశించినవానికి మినహాయింపు కలదు. దీనినిబట్టి ఎనిమిది అంగుళముల కత్తిని నిర్భయముగా వెంట త్రిప్పవచ్చునని ఎవరైన భావించినచో అది పొరపాటు. హైదరాబాదు నగర పోలీసు చట్టము ననుసరించి, ఊరేగింపుల సమయమునను ఉద్రిక్తతలు గల దినములలోను ఆయుధములు ధరింపరాదని పోలీసు కమిషనరు ఉత్తర్వులు జారీచేయుట కలదు. 2018లో ప్రారంభమైన నాంపల్లి మెట్రో స్టేషనులో సంచులను యంత్రముతో పరీక్షించియే లోనికి పంపుదురు. విమానములో చేతిసంచియందు చాకు నిషిద్ధము. 1938లో మొదలై ఏటేట నాంపల్లి మైదానమున జరుగు నుమాయిషు వంటి జనసమ్మర్దములోనికి పోవునప్పుడు ఎట్టి చాకునైనను ఇంట విడిచిపోవుట మేలు. అక్కడ దానితో పని యేమియు నుండదు.

ఇంతవరకు పనిముట్టుగా చాకును గూర్చి చెప్పితిని. ఆత్మరక్షణకొరకు చాకు ఉంచుకొనువారును, ముఖ్యముగా యువకులు, కొందరు కలరు. ఈ ప్రసంగమునకు అసలు కారణము వారే. బండి తగిలినదనియో, మాట తూలినదనియో వీథిలో తగవు వచ్చును. చేతులు వట్టివైనచో అది తోపులాటతో ముగియవచ్చును, పక్కవారు విడదీయుదురు, మరునాటికి మరచిపోదురు. జేబులో చాకున్నచో చేయి అటు పోవును. భయమువలన తీసినదైనను, ఎదుటివానికి అది బెదిరింపే. పెనుగులాటలో అది ఎవరి చేతిలోనికి మారునో, ఎవరికి దిగునో చెప్పజాలము. చట్టమును ఆ తేడాను గుర్తించినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో సాధారణముగా కావలెనని గాయపరచినవానికి 115వ సెక్షను క్రింద ఒక సంవత్సరమువరకు ఖైదు. అదే గాయమును కోయు పరికరముతో చేసినవానికి 118వ సెక్షను క్రింద మూడు సంవత్సరములవరకు. ఆ గాయము తీవ్రమైనదైనచో శిక్ష యావజ్జీవ ఖైదువరకు పోవచ్చును. చాకును రక్షణయని నమ్మి వెంట నుంచుకొన్న కుర్రవాని చదువు, ఉద్యోగము, తలిదండ్రుల ఆశ అన్నియు ఒక్క నిమిషములో తారుమారగును. అపాయము తోచినచో తొలగిపోవుట, కేకవేయుట, నలుగురున్న చోటికి చేరుట, 112నకు ఫోను చేయుట. ఇవి చాకుకంటె నమ్మదగిన రక్షణలు. ఇంటి పెద్దలు పిల్లవాని జేబులో చాకు కనబడినప్పుడు ముందుగా కోపగించుకొనక, దేనికి భయపడుచున్నావని అడుగవలెను. ఆ భయమునకు మందు చూచినచో చాకు అవసరము తీరిపోవును.

పనికొరకే కొనదలచినవారికి నాలుగు సూచనలు. అలుగు మూడంగుళములకు మించనిది చూడుడు. తెరచి, వ్రేళ్ళు అడ్డములేకుండ పట్టుకొని, అలుగును ప్రక్కలకు మెల్లగా కదల్చి చూడుడు. కీలు వదులుగా నున్నచో విడిచిపెట్టుడు. మూసినప్పుడు వాదర ఏ మూలనైనను పిడికి వెలుపల కనబడరాదు. తుప్పుపట్టని ఉక్కు మన వానకాలమునకును, చింతపండు, నిమ్మకాయల పులుపునకును తట్టుకొనును. మామూలు ఉక్కు చక్కని పదును తీసికొనును గాని, వాడిన వెంటనే తుడిచి కొంచెము నూనె రాయనిచో నల్లబడి తుప్పుపట్టును.

పదును విషయమున ఒక మాట. మొద్దుచాకు అపాయము లేనిదని చాలమంది నమ్మకము. మొద్దుచాకును బలముగా నొక్కవలసియుండును, నొక్కినది జారును, జారినది వ్రేలిని కోయును. పదునైనది తేలికగా, మనము త్రోసిన దారినే పోవును. ఇంటిలో సానరాతిని తడిపి, అలుగును సుమారు ఇరువది డిగ్రీల వాలులో పట్టి, రెండు ప్రక్కల సమముగా నూరవలెను. వీథిలో చక్రపు సానపట్టువానికి ఇచ్చినచో, నీరు చిలుకరించుచు మెల్లగా పట్టుమని చెప్పుడు. వేడికి వాదర నీలిరంగునకు తిరిగినచో ఉక్కు కట్టుదనము అచ్చట పోయినట్లే. ఇతరులకు అందించునప్పుడు మూసి యందించుడు. పని ముగియగనే మూసి, పిల్లలకు అందని చోట నుంచుడు.

కాబట్టి వంటయింటికిని పొలమునకును మడతలేని కత్తి. జేబుకు, అవసరమున్న దినములలో, తాళముగల చిన్న మడత చాకు. స్ప్రింగు చాకు ఏ గృహస్థునకును అక్కరలేదు. పార్సెలు పురికొస కోసి, పండు కోసి పంచి, మడిచి జేబులో వేసికొనుటకు మించి చాకుతో వీథిలో మనకు పనిలేదు.