పుష్పకాలకు నీడ



రామాయణంలోని పుష్పకం లంకా విజయానంతరం శ్రీరాముని అయోధ్యకు చేర్చింది. పని తీరిందని ఆయన దానిని ఆరుబయట విడిచిపెట్టలేదు. సగౌరవంగా కుబేరునికి పంపాడు.

బెంగళూరులోనూ పుష్పకాలు పుట్టాయి. 1940లో ఇక్కడ స్థాపితమైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ, డాక్టర్ వి.ఎం.ఘాటగే రూపకల్పన చేసిన హెచ్.టి.-2 శిక్షణ విమానాన్ని 1951 ఆగస్టులో ఎగురవేసింది. 1958లో ఇద్దరు కూర్చునే 'పుష్పక్' ఎగిరింది. దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులలో ఎందరో యువకులు దానిపైనే విమానయానం అభ్యసించారు. ఒకనాటి పల్లె జక్కూరులోని విమానక్షేత్రం వంటివే ఇటువంటి చిన్న విమానాలకు నెలవులు.

పుష్పక్ దేహం ఉక్కు గొట్టాల చట్రం. దానిపై బిగించి పూత పూసిన వస్త్రం. నీడ లేకుంటే ఎండకు వస్త్రం పెళుసై చినుగుతుంది. ఆ చిరుగులలో వాననీరు చేరి గొట్టాలను తుప్పు పట్టిస్తుంది. పక్షులు గూళ్లు కడతాయి. అయినా ఆ శిథిలమే గొప్ప పాఠ్యగ్రంథం: చట్రం ఎలా అతికిందో, తీగలు చుక్కానిని ఎలా కదిలిస్తాయో అక్కడ కంటికి కనబడుతుంది. అనుమతితో వెళ్లండి, 'వీటీ'తో మొదలయ్యే నమోదు అక్షరాలు వ్రాసుకోండి, బొమ్మ గీయండి, ఏ భాగమూ ఊడదీయకండి.

తుక్కు కావలసిన డకోటా ఒకటి బ్రిటన్‌లో పునరుద్ధరణ పొంది, 'పరశురామ' పేరుతో 2018లో మన వైమానిక దళానికి చేరింది. పుష్పకాల తయారీ ఏనాడో ఆగిపోయింది. నశించినదానికి బదులు మరొకటి రాదు. వాటికి ముందుగా కావలసింది పెద్ద నిధి కాదు, ఒక రేకుల కప్పు.