అధ్యక్షుని జాబులు, సేనాపతుల ప్రత్యుత్తరములు
(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠము)



యుద్ధచరిత్రలు చదువునప్పుడు మనకు ఫిరంగుల మ్రోతయే యెక్కువగా వినబడును. నేడు నేను మీ యెదుట విన్నవింపబోవునది కొన్ని జాబుల సంగతి. 1861 మొదలు 1865 వఱకు అమెరికా సంయుక్తరాష్ట్రములలో జరిగిన అంతర్యుద్ధకాలమున, దేశాధ్యక్షుడైన అబ్రహాము లింకనునకును ఆయన సేనాపతులకును నడచిన ఉత్తర ప్రత్యుత్తరములు నేటికిని పదిలముగా నున్నవి. మా వృత్తిలో నుండువారికి సాక్షి నోటిమాటకంటె దస్తావేజునందు నమ్మకము మెండు. ఆ సేనాపతులలో పలువురు తరువాత స్వీయచరిత్రములు వ్రాసికొనిరి. వానిలో గెలుపు తనది, ఓటమి పొరుగువానిది. జాబు లట్లు గాదు. రేపేమగునో యెఱుగని మనుష్యులు ఆనాడే వ్రాసినవి.

వీనియందు నేను వెదకిన ప్రశ్న యొక్కటే. లక్షమంది సాయుధులను వెంటబెట్టుకొన్న సేనాపతి, ప్రజలు వోట్లువేసి పంపిన ఒక నిరాయుధుడైన ప్లీడరు మాట యేల వినవలెను? శాసనమున వ్రాసియున్నది గనుక, అని మీ రనవచ్చును. నిజమే. అమెరికా రాజ్యాంగము రెండవ అధికరణమున అధ్యక్షుడే సర్వసేనాధిపతి యని యున్నది. మన రాజ్యాంగమును 53 వ అధికరణమున రక్షణబలముల సర్వాధిపత్యమును రాష్ట్రపతియం దుంచి, ఆ యధికారము శాసనానుసారముగా నడువవలెనని విధించినది. కాని శాసనమున నున్న మాట ఆచరణలో నిలుచుటకు ఎవరో యొకరు ప్రతిదినమును దాని కొఱకు పాటుపడవలెను. లింకను పడిన ఆ పాటు ఈ జాబులలో కనబడుచున్నది.

1861 జూలైలో బుల్ రన్ వద్ద ఉత్తరపక్ష సైన్యము చెదరి పాఱిపోయిన పిమ్మట జార్జి మెక్లెల్లను అను సేనానిని వాషింగ్టనునకు పిలిపించిరి. అప్పటి కతని వయస్సు 34 ఏండ్లు. యుద్ధవిద్య చక్కగా నభ్యసించినవాడు. ఇల్లినాయి సెంట్రల్ రైలు కంపెనీలో పెద్ద యుద్యోగము చేసినవాడు. ఆ కంపెనీ పక్షమున వాదించిన ప్లీడర్లలో లింకను ఒకడు. ఒక వ్యాజ్యమునకు రావలసిన 5,000 డాలర్ల ఫీజుకొఱకు ఆ కంపెనీ మీదనే దావా వేసి రాబట్టుకొనవలసి వచ్చెను! ఈ సంగతి మన సభలో నున్న ప్లీడరు మిత్రులకు ప్రియముగా నుండునని చెప్పితిని.

మెక్లెల్లను చెదరిన మూకను కొలది నెలలలో చక్కని సైన్యముగా తీర్చెను. ఆ కీర్తి యతనిదే. 1861 నవంబరులో సర్వసేనానియు నయ్యెను. ఆ నెలలోనే ఒక రాత్రి లింకను అతని యింటికి పోయి కూర్చుండగా, మెక్లెల్లను ఒక పెండ్లినుండి తిరిగివచ్చి, అధ్యక్షుడు వేచియున్నాడని తెలిసియు మేడమీదికి పోయి నిద్రించెను. వెంటనున్న కార్యదర్శి హే తన దినచర్యలో దీనిని వ్రాసియుంచెను. అతడు మండిపడెను గాని, లింకను ఇది మర్యాదలు లెక్కించుకొను సమయము గాదని యూరకుండెను. ఇట్టి యోర్పు బలహీనతయేమో యని మనకు తోచును. తరువాతి జాబులు చూచినగాని దీని తత్త్వము తెలియదు.

1862 వసంతమున మెక్లెల్లను లక్షకు మించిన సేనను ఓడలమీద వర్జీనియా ద్వీపకల్పమునకు దింపి, రిచ్మండు నగరముపై నడువబూని, దారిలో యార్కుటవును కోటయెదుట నాగిపోయెను. ఎదుట నున్న శత్రువులు మొదట పదునైదువేలైనను లేరు. వారి నాయకుడు మగ్రూడరు ఉన్న కొలదిమందినే ముందునకును వెనుకకును నడిపించి, గొప్ప సేనయున్నట్లు భ్రమ కల్పించెను. మెక్లెల్లను నమ్మెను, ముట్టడి కొఱకు పెద్ద ఫిరంగులు తెప్పింప మొదలిడెను. తనకు బలము చాలదని వాషింగ్టనునకు మాటిమాటికి తంతులు కొట్టెను.

అప్పుడు ఏప్రిలు 9 వ తేదీన లింకను వ్రాసిన జాబు ప్రతి ప్లీడరును చదువదగినది. మీ ఫిర్యాదులు నాకు కోపము తెప్పింపలేదు గాని చాల బాధ కలిగించినవి, అని మొదలుపెట్టును. పిమ్మట లెక్కలోనికి దిగును. మీరే పంపిన పట్టీలనుబట్టి మీవద్దను, మీకై దారిలోను ఉన్నవారు 1,08,000 అని యుద్ధమంత్రి నాకు చెప్పెను; మీరిప్పుడు అందఱును వచ్చి చేరినను 85,000 మాత్రమే యందురు; ఈ 23,000 మంది తేడాకు సమాధాన మేమి? ఇది క్రాస్ పరీక్ష. స్వరము పెంచలేదు, నింద వేయలేదు, సాక్షి సంతకముచేసిన కాగితమునే సాక్షి యెదుట పెట్టెను. రాజధానిని కాపాడుటకు ఇరువదివేలకు లోబడిన, కూర్పు లేని దళములను మాత్రము విడిచి దారి తెఱచి పోవుటకు నేను సమ్మతింతునని మీరు నిజముగా తలచితిరా, యని మఱియొక ప్రశ్న. చివర, మీయెడ నింతకంటె నెక్కువ ప్రేమతో నేనెన్నడును వ్రాయలేదు, చేతనైనంతవఱకు మీకు తోడుపడుదును, కాని మీరు పని చేసి తీరవలెను, అని ముగించెను.

మెక్లెల్లను అక్కడనే నెల దినములు కూర్చుండెను. మే నెల మొదట శత్రువులు తామే కోట ఖాళీచేసి వెడలిపోయిరి.

జూను చివర రిచ్మండు సమీపమున లీ అను దక్షిణపక్ష సేనాని ఏడు దినములు ఎడతెగక యెదుర్కొని మెక్లెల్లనును వెనుకకు నెట్టెను. జూను 28 వ తేదీ నడిరేయి దాటిన పిమ్మట మెక్లెల్లను యుద్ధమంత్రి స్టాంటనునకు తంతి పంపెను. ఈ సేనను నేను కాపాడగలిగినను, అందులకు మీకుగాని వాషింగ్టనులోని మఱి యెవ్వరికిగాని నేను ఋణపడను. ఈ సేనను బలియిచ్చుటకు మీరు చేయగలిగినదంతయు చేసితిరి, అని దాని చివరి మాటలు. తంతి కార్యాలయపు అధికారి శాన్ఫర్డు వానిని చదివి నివ్వెఱపడి, ఆ వాక్యములను కత్తిరించి మిగిలినది మంత్రికి పంపెను. మంత్రియు అధ్యక్షుడును ఆ మాటలను అప్పుడు చూడలేదు. సదుద్దేశముతో చేసినను ఆ యుద్యోగి చేసినది తప్పనియే నా యభిప్రాయము. తన సేనాపతి తన్ను ద్రోహియనుచున్నాడని తెలిసికొను హక్కు దేశాధ్యక్షునకు కలదు.

మిగిలిన భాగమైనను పరుషమైనదే. లింకను బదులు మాత్రము, ఎట్లైనను సైన్యమును కాపాడుకొనుము, సాధ్యమైనంత త్వరగా సహాయము పంపెదము, అని. మఱునాలుగు దినములకు, నీవు చేయగలిగినదానికంటె నెక్కువ చేయలేదని నిన్ను నిందింపను, నీవును నన్ను అసాధ్యములు కోరవలదని ప్రార్థించుచున్నాను, అని వ్రాసెను.

ఇంతవఱకు వివాదము సైన్యపు సంఖ్యనుగూర్చి. జూలై 7 వ తేదీ జాబుతో అది వేఱొక మెట్టు ఎక్కెను. ఓడి నదియొడ్డున విడిసియున్న మెక్లెల్లను, తన్ను చూడవచ్చిన అధ్యక్షుని చేతికి ఒక లేఖ నిచ్చెను. యుద్ధమెట్లు చేయవలెనో గాక, యుద్ధమెందులకు చేయవలెనో అందు బోధించెను. తిరుగుబాటుదారుల ఆస్తులు తీసికొనరాదు. దాస్యవ్యవస్థను బలముతో తొలగింపరాదు. ఆ విషయమున తీవ్రభావములు ప్రకటించినచో మన సేనలు చెదరిపోవును, అని. 1860 జనాభా లెక్కలో ఆ దేశమున దాసులు దాదాపు 40 లక్షలు. అంతమంది మనుష్యుల విముక్తి జరుగవలెనా వలదా యను ప్రశ్నకు ఒక సేనాపతి దండువిడిదినుండి తీర్పు చెప్పబూనెను.

లింకను ఆ లేఖను అక్కడనే చదివి జేబులో పెట్టుకొనెను. దానిపై చర్చింపలేదు. పదునాలుగు దినములు గడచిన పిమ్మట, జూలై 22 వ తేదీన, దాస్యవిమోచన ప్రకటన చిత్తుప్రతిని మంత్రులయెదుట చదివెను. ఆ లేఖకు అదియే ప్రత్యుత్తరమని నేను తలచుచున్నాను. సెప్టెంబరు 17 న ఆంటీటం వద్ద ఒక్క దినమున ఉభయపక్షములలో నించుమించు 23,000 మంది చచ్చియు గాయపడియు కానరాకయు పోయిన ఘోరయుద్ధము ముగిసి లీ వెనుదిరిగెను. 22 వ తేదీన ప్రకటన వెలువడెను. 1863 జనవరి 1 నుండి తిరుగుబాటు చేసిన ప్రాంతములందు అమలులోనికి వచ్చెను. సేనలు చెదరలేదు.

ఆంటీటం తరువాత మెక్లెల్లను మరల కదలడయ్యెను. అక్టోబరు 13 న లింకను వ్రాసిన సుదీర్ఘమైన జాబులో, శత్రువు నిత్యము చేయుచున్న పనిని మనము చేయలేమనుట మితిమీరిన జాగ్రత్త కాదా, యని యడిగెను. పటము ముందుంచుకొని వ్రాసినట్లున్నది. రిచ్మండునకు మీరే దగ్గఱ. శత్రువు నడువవలసినది వృత్తపు వంపుమీద, మీది దాని జ్యారేఖమీద, అని చూపెను. మన మాటలో చెప్పవలెనన్న వానికి వింటిబద్ద, మనకు అల్లెత్రాడు. ఇంత చెప్పి చివర, ఈ జాబు ఏవిధముగను ఆజ్ఞ కాదు, అని చేర్చెను. ఈ చిన్న వాక్యమును నేను పలుమాఱులు చదివితిని. సలహా యేదో, ఆజ్ఞ యేదో గీత గీసి చూపినవాడు, ఆజ్ఞ యిచ్చిననాడు దాని యర్థమును తగ్గించుకొనుటకు ఎదుటివానికి తావుండదు.

దానికి వచ్చిన సమాధానము గుఱ్ఱములు అలసిపోయినవని, నోటిపుండ్లతో నున్నవని. అప్పుడు మాత్రము లింకనునకు ఓర్పు తప్పెను. ఆంటీటం యుద్ధము తరువాత అలసట కలిగించు పని మీ గుఱ్ఱము లేమి చేసినవో యడుగుటకు క్షమింతురా, యని తంతి పంపెను. నవంబరు 5 న తొలగింపుటాజ్ఞ వ్రాయబడెను. 7 వ తేదీ రాత్రి మంచు కురియుచుండగా ఒక సేనాని దానిని మెక్లెల్లను గుడారమునకు కొనిపోయెను.

మెక్లెల్లనునకు న్యాయము చేయవలయును. ఆ సైన్యమునకు అతడన్న ప్రాణము. వాషింగ్టనుమీదికి నడువుడని చెవిలో నూదినవారును లేకపోలేదు. అతడు మాఱుపలుకక బర్నుసైడునకు అధికార మప్పగించి వెడలిపోయెను. అంతకు ముందే, అక్టోబరు 7 న, ప్రభుత్వపు తప్పులను దిద్దుటకు తావు ఎన్నికలేయని తన సేనకు తానే ఉత్తరువు వ్రాసెను. 1864 ఎన్నికలో లింకనునకు ప్రతిపక్షిగా నిలిచి, 212 ఎన్నికదారుల వోట్లకు 21 మాత్రము పొంది యోడెను. యుద్ధము నడచుచుండగనే ఎన్నిక జరుపుట, అందు తొలగింపబడిన సేనాపతి నిలుచుట, ఇదియు గొప్ప సంగతియే.

హూకరు అను సేనాని, దేశమునకు నియంత కావలెనని పలికినట్లు లింకను చెవినిబడెను. 1863 జనవరి 26 న ఆయన హూకరునకే సైన్యాధిపత్య మిచ్చుచు, నీవట్లనినందుకు గాదు, అనినను ఇచ్చితినని తెలియుము. గెలిచిన సేనాపతులే నియంతలు కాగలరు. నేను కోరునది నీ గెలుపు, నియంతృత్వపు ప్రమాదమును నేను భరింతును, అని వ్రాసెను. హూకరు గెలువలేదు. గెటిసుబర్గులో గెలిచిన మీడునకు, లీని తప్పించుకొని పోనిచ్చినందుకు జూలై 14 న కఠినముగా వ్రాసిన జాబును లింకను సంతకము చేయక, పంపక, ఆ సంగతినే పైన వ్రాసి కవరులో నుంచెను. అంతకు ముందుదినమే విక్సుబర్గు గెలిచిన గ్రాంటునకు, మీ యెత్తుగడ విషయమున మీరు చెప్పినదే సరి, నాది తప్పు, అని వ్రాసియుండెను.

గ్రాంటుపై ఆయనకు ఎంత నమ్మకమనగా, 1864 ఏప్రిలు 30 న, మీ వ్యూహముల వివరములు నాకు తెలియవు, తెలిసికొన గోరను, అని వ్రాసెను. అట్టి గ్రాంటునకే 1865 మార్చి 3 న మఱియొక తంతి పోయెను. లీ రాజీమాటలకు గ్రాంటును పిలిచియుండెను. గ్రాంటు తాను నిర్ణయింపక వాషింగ్టనును అడిగెను. లింకను తన చేతితో వ్రాసి స్టాంటను పేర పంపించిన బదులిది: లీ సైన్యము లొంగుబాటుకొఱకో, కేవల సైనిక విషయముకొఱకో తప్ప లీతో సమావేశము కావలదు, రాజకీయ విషయమేదియు మీరు నిర్ణయింపరాదు, చర్చింపరాదు, ఆ విషయములు అధ్యక్షుడు తనచేతిలో నుంచుకొనును. ఏప్రిలు 9 న అప్పొమాటక్సులో లీ లొంగినప్పుడు గ్రాంటు ఈ గీత దాటలేదు.

ఏప్రిలు 15 న లింకను హత్యచే మరణించెను. 18 వ తేదీన ఉత్తర కరొలీనాలో షెర్మను అను సేనాపతి, జాన్స్టను అను దక్షిణ సేనానితో ఒడంబడిక చేసికొని, తిరుగుబాటు రాష్ట్రముల ప్రభుత్వములను సైతము గుర్తించుటకు పూనుకొనెను. క్రొత్త యధ్యక్షుడును మంత్రులును దానిని కొట్టివేసి, స్వయముగా గ్రాంటునే యక్కడికి పంపిరి. 26 వ తేదీన లీకిచ్చిన షరతులతోనే మరల ఒప్పందము జరిగెను. ఆ నిరాకరణతోపాటు మార్చి 3 వ తేదీ తంతి నకలును షెర్మనునకు చేరెను. దానిని ముందే తనకు పంపియుండినచో ఈ చిక్కు వచ్చియుండదని ఆయన మొఱపెట్టుకొనెను. ఆ మొఱలో న్యాయము లేకపోలేదు.